జ్ఞానం ఒక శాస్త్రం నుంచి మరో శాస్త్రానికి ఎలా పాకింది: మ్యాప్ గీసే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "సుమారు ముప్పై ఏళ్ల పరిశోధన పేపర్ల డేటా నా దగ్గరుంది. ఒక శాస్త్రంలో పుట్టిన జ్ఞానం కాలక్రమంలో మిగతా శాస్త్రాల్లోకి ఎలా వెళ్లిందో మ్యాప్ గీయాలి. వీఓఎస్‌వ్యూయర్‌లో (పేపర్ల మధ్య సంబంధాలను బొమ్మగా గీసే సాఫ్ట్‌వేర్) బొమ్మ వచ్చింది, రంగులు బాగున్నాయి, కానీ అదేం చెబుతోందో నాకే తెలియడం లేదు. సైటేషన్లు (ఒక పేపర్ ఇంకో పేపర్‌ను ఆధారంగా ప్రస్తావించడం) సరిపోతాయా? శాస్త్రాల మధ్య హద్దులు ఎలా పెట్టాలి? కాలాన్ని ఎలా చూపించాలి?"

ముందు ఆ బొమ్మ సంగతి చూద్దాం. అది మీకు అర్థం కాకపోవడంలో వింతేమీ లేదు. మీరు అడుగుతున్నది ఒకటి, అది చూపిస్తున్నది ఇంకొకటి. ఎటు నుంచి ఎటు వెళ్లింది, ఎప్పుడు వెళ్లింది అని మీ ప్రశ్న. ఆ బొమ్మలో దిక్కూ లేదు, కాలమూ లేదు. ఏ పేపర్లు ఏ పేపర్లకు దగ్గరగా ఉన్నాయన్నదే ఉంది. పైగా ముప్పై ఏళ్లనూ ఒకే కుప్పగా పోశారు కాబట్టి 1992 నాటి దగ్గరతనం, 2018 నాటి దగ్గరతనం కలగలిసిపోయాయి.

నా సలహా ముందే చెప్పేస్తాను. మొత్తం సైన్స్‌కి మ్యాప్ గీయాలన్న కోరిక పక్కన పెట్టండి. ఒక్క పద్ధతినో ఒక్క భావననో ఎంచుకుని దాని వెంట నడవండి. మొత్తం మ్యాప్ గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది కానీ, అందులో "జ్ఞానం" అంటే ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఒక్కదాన్ని పట్టుకుంటే ఏది కదిలిందో మీకు తెలుసు, ఎక్కడికి చేరిందో పేపర్ తెరిచి చూసుకోవచ్చు.

ఇక దిక్కు. కొత్త పేపర్ పాత పేపర్‌ను సైట్ చేస్తే డేటాబేస్‌లో బాణం కొత్తదాని నుంచి పాతదానికి ఉంటుంది. జ్ఞానం వచ్చింది మాత్రం పాతదాని నుంచి కొత్తదానికి. కాబట్టి బాణాన్ని తిప్పి గీయాలి. ఇది చెప్పుకోవడానికి చిన్న విషయమే, అయినా అచ్చయిన పేపర్లలో కూడా ఇది తలకిందులుగా ఉండటం చూశాను. వీఓఎస్‌వ్యూయర్ అయితే ఈ గొడవ లేకుండా సైటేషన్‌ను కూడా దిక్కులేని గీతగానే లెక్కేస్తుంది. అదే బృందం చేసిన సిట్‌నెట్ఎక్స్‌ప్లోరర్ అనే సాఫ్ట్‌వేర్ పేపర్లను ఏడాది ప్రకారం పై నుంచి కిందికి పేరుస్తుంది, మీ పనికి అది దగ్గర.

సైటేషన్లతో మ్యాప్ అనగానే మూడు పద్ధతులు వినిపిస్తాయి. వాటి తేడా తెలియకుండా ఏదో ఒకటి వాడేస్తుంటారు కాబట్టి కాస్త చెబుతాను. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో సైటేషన్ ఇండెక్స్ ఆలోచనను ముందుకు తెచ్చాడు. ఆయనకు ఆ ఊహ అందింది న్యాయశాస్త్రం నుంచి. ఒక కోర్టు తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో చూపే షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచీ అమెరికా లాయర్లకు 1873 నుంచే ఉంది. అంటే జ్ఞానవ్యాప్తిని కొలిచే పరికరం కూడా ఒక రంగం నుంచి ఇంకో రంగంలోకి వలస వచ్చిందే. 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ రూపంలో అది అచ్చయింది. ఎవరు ఎవరిని సైట్ చేశారు అనే నేరు సైటేషన్ ఇందులోంచి వస్తుంది.

రెండోది 1963లో కెస్లర్ చెప్పిన బిబ్లియోగ్రాఫిక్ కప్లింగ్. రెండు పేపర్ల రిఫరెన్స్ జాబితాల్లో ఒకే పాత పేపర్లు ఎన్ని ఉన్నాయో చూడటం. మూడోది కోసైటేషన్. రెండు పాత పేపర్లను కలిపి ఎంతమంది సైట్ చేశారో చూడటం. 1973లో హెన్రీ స్మాల్, ఇరీనా మర్షకోవా ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇదే పద్ధతికి చేరారు. కాలం దృష్టితో చూస్తే ఈ రెండింటి స్వభావం పూర్తిగా వేరు. కప్లింగ్ పేపర్ అచ్చయిన రోజునే గడ్డకట్టుకుపోతుంది, ఎందుకంటే రిఫరెన్స్ జాబితా ఇక మారదు. కోసైటేషన్ ఏటా మారుతూ పోతుంది. 1970లో ఒక పేపర్‌కు ఉన్న చుట్టాలు 1995లో వేరు. ఇప్పటి పరిశోధన ముందు వరస ఎలా ఉందో చూడాలంటే కప్లింగ్ మంచిది. తర్వాతి తరం పాతదాన్ని ఎలా చూసిందో తెలియాలంటే కోసైటేషన్. ప్రవాహం కావాలంటే మాత్రం నేరు సైటేషనే, వేరే దారి లేదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికొద్దాం. హద్దులు.

శాస్త్రాల మధ్య ప్రవాహం కొలవాలంటే ముందు శాస్త్రాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పాలి. తేలికైన దారి జర్నల్ కేటగిరీలు. వెబ్ ఆఫ్ సైన్స్‌లో (చందా కట్టి వాడే పేపర్ల డేటాబేస్) అలాంటివి 250కి పైగా ఉన్నాయి. కానీ 'నేచర్', 'సైన్స్', 'ప్లాస్ వన్' లాంటి వాటిని ఏ కేటగిరీలో వేస్తారు? "మల్టీడిసిప్లినరీ" అని ఒక డబ్బా ఉంటుంది. మీ మ్యాప్‌లో దాన్ని కూడా ఒక శాస్త్రంగా వదిలేస్తే అన్ని దారులూ దాని గుండానే వెళ్లినట్టు కనిపిస్తుంది. ఆ పేపర్లను వాటి రిఫరెన్సులు ఏ రంగంవో చూసి ఒక్కోదాన్నీ విడిగా పంచాలి.

రెండో దారి, పేపర్లనే క్లస్టర్లుగా విడగొట్టడం. 2008లో వచ్చిన లూవెన్ అల్గారిథమ్, దాని లోపాలు సరిదిద్దుతూ 2019లో వచ్చిన లైడెన్ అల్గారిథమ్ దీనికి ఎక్కువగా వాడతారు. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది, చాలామంది అందులో పడతారు. ఈ అల్గారిథమ్‌లు ఏం చేస్తాయి? లోపల సైటేషన్లు ఎక్కువ, బయటికి తక్కువ ఉండేలా గుంపులు కడతాయి. అలా కట్టిన గుంపుల మధ్య సైటేషన్లు లెక్కపెట్టి "శాస్త్రాల మధ్య జ్ఞాన ప్రవాహం తక్కువగా ఉంది" అంటే? తక్కువగా ఉండేలా గీసింది మీరే కదా. హద్దు దేనితో గీశారో ప్రవాహాన్ని కూడా దానితోనే కొలవకూడదు. సైటేషన్లతో ప్రవాహం కొలుస్తుంటే హద్దుల్ని జర్నల్ నుంచో, రచయితల డిపార్ట్‌మెంట్ నుంచో, పేపర్ సారాంశంలోని మాటల నుంచో తెచ్చుకోండి.

ఓపెన్ఎలెక్స్ వాడేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. మైక్రోసాఫ్ట్ అకడమిక్ గ్రాఫ్ 2021 చివర్లో మూతపడ్డాక 2022 జనవరిలో దాని స్థానంలో వచ్చిన ఉచిత డేటాబేస్ ఇది. ప్రతి పేపర్‌కూ ఒక టాపిక్, దాని పైన సబ్‌ఫీల్డ్, ఫీల్డ్, డొమైన్ ఇస్తుంది. సుమారు 4,500 టాపిక్‌లు, 26 ఫీల్డులు. చూడగానే హాయిగా ఉంటుంది, హద్దుల పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ టాపిక్‌ల పునాది సైటేషన్ క్లస్టర్లే. పైన చెప్పిన ఉచ్చే మళ్లీ, ఈసారి రెడీమేడ్‌గా. ఇంకొకటి, అవి ఇవాళ్టి పేర్లు. 1955 నాటి పేపర్‌కు ఇవాళ్టి ఫీల్డ్ పేరు అంటిస్తారు. అప్పటికి ఆ ఫీల్డే లేకపోవచ్చు.

హద్దులు కదులుతాయని చూపించిన పనుల్లో నాకు నచ్చింది రోస్వాల్, బెర్గ్‌స్ట్రామ్ 2010లో చేసినది. జర్నళ్ల మధ్య సైటేషన్లను ఏడాదివారీగా తీసుకుని గుంపులు ఎలా కలిశాయో, ఎలా విడిపోయాయో పాయలు కలిసే నదుల్లాంటి బొమ్మగా గీశారు. అలూవియల్ డయాగ్రమ్ అంటారు. న్యూరోసైన్స్ అందులో స్పష్టంగా కనిపిస్తుంది. న్యూరాలజీ, సైకాలజీ, మాలిక్యులర్ బయాలజీ గుంపుల్లో చెల్లాచెదురుగా ఉన్న జర్నళ్లు 2000 దశకంలో ఒకచోట చేరి, భౌతికశాస్త్రంలాగానే తన కాళ్ల మీద నిలబడే ఒక శాస్త్రం అయ్యాయి. న్యూరోసైన్స్ సొసైటీ అమెరికాలో 1969లోనే పుట్టింది. అంటే సంఘం ఏర్పడిన మూడు దశాబ్దాలకు గానీ సైటేషన్లలో అది విడి శాస్త్రంగా తేలలేదు. ఇప్పుడు మీరు 1985 డేటా మీద "న్యూరోసైన్స్" అనే గీత గీసి "సైకాలజీ నుంచి న్యూరోసైన్స్‌కి జ్ఞానం ప్రవహించింది" అన్నారనుకోండి. ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి నడవడాన్ని విదేశీ ప్రయాణం అన్నట్టే. హద్దుల్ని ఐదేళ్లకోసారి కొత్తగా గీసుకోవాలి, లేదా ఒక తేదీ నాటి హద్దుల్ని అన్ని ఏళ్లకూ వాడుతున్నామని ముందే చెప్పాలి. రెండూ సమ్మతమే, కలిపి వాడటమే తప్పు.

కాలం గురించి అడిగారు. అందరూ వేసే గ్రాఫ్ ఒకటుంది: ఏటేటా విభాగాల మధ్య సైటేషన్ల సంఖ్య, పైకి ఎగబాకుతున్న గీత, కింద "అంతర్విభాగ పరిశోధన పెరుగుతోంది" అన్న వాక్యం. ఆ గీత ఎప్పుడూ పైకే పోతుంది. పేపర్లు పెరుగుతున్నాయి, ఒక్కో పేపర్‌లో రిఫరెన్సులూ పెరుగుతున్నాయి. ఏమీ మారకపోయినా గీత పైకే.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. జీవావరణ శాస్త్రం పేపర్లలో 2000లో మొత్తం 10,000 రిఫరెన్సులు ఉన్నాయి, వాటిలో గణాంకశాస్త్రానికి వెళ్లినవి 200. అదే 2020లో మొత్తం 50,000, గణాంకశాస్త్రానికి 1,500. సంఖ్య ఏడున్నర రెట్లు పెరిగింది. సరే, శాతం తీద్దాం: 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. ఇంకా బాగానే ఉంది. కానీ సైట్ చేయడానికి దొరికే పేపర్ల మొత్తంలో గణాంకశాస్త్రం వాటా 2000లో 4 శాతం, 2020లో 6 శాతం అనుకోండి. కళ్లు మూసుకుని సైట్ చేసినా 2000లో 400, 2020లో 3,000 రావాలి. వచ్చినవి 200, 1,500. రెండుసార్లూ నిష్పత్తి 0.5. ఇరవై ఏళ్లలో రెండు శాస్త్రాల మధ్య దగ్గరితనం అంగుళం కూడా మారలేదు.

ఇది ఊహాలెక్కే అయినా, అసలు లెక్కల్లోనూ ఇదే జరుగుతుంది. పోర్టర్, రాఫోల్స్ 2009లో ఆరు పరిశోధన రంగాలను 1975 నుంచి 2005 దాకా కొలిచారు. పేపర్ సైట్ చేసే విభాగాల సంఖ్య దాదాపు 50 శాతం పెరిగింది. ఆ విభాగాలు ఒకదానికొకటి ఎంత దూరమో కూడా కలిపి లెక్కేస్తే పెరుగుదల సుమారు 5 శాతమే. అంటే ఎక్కువమంది ఇళ్లకు వెళ్తున్నారు కానీ, చాలావరకు పక్కింటికే. కాబట్టి మీరూ సంఖ్య బదులు "వచ్చినవి ÷ రావాల్సినవి" వేయండి. "రావాల్సినవి" లెక్కించడానికి మంచి మార్గం, సైటేషన్లను కంప్యూటర్‌లో చాలాసార్లు కలగాపులగం చేయడం. అలా చేసేటప్పుడు ప్రతి పేపర్‌కీ దాని రిఫరెన్సుల సంఖ్యనూ, సైట్ అయిన పేపర్ల ఏడాదులనూ అలాగే ఉంచాలి. ఏడాది ఎందుకంటే గణితంలో పేపర్ పదేళ్లకు కూడా తాజాగానే ఉంటుంది, మాలిక్యులర్ బయాలజీలో నాలుగేళ్లకే పాతబడుతుంది. ఆ వేగం తేడాను పట్టించుకోకపోతే నెమ్మది శాస్త్రాలన్నీ మీ మ్యాప్‌లో "ప్రభావం లేనివి" అయిపోతాయి.

ఇక ఒక్కదాని వెంట నడవడం అంటే ఏమిటో చూపిస్తాను.

1953లో 'జర్నల్ ఆఫ్ కెమికల్ ఫిజిక్స్'లో ఒక పేపర్ వచ్చింది. నికొలస్ మెట్రొపొలిస్, రోజెన్‌బ్లూత్ దంపతులు, టెల్లర్ దంపతులు, మొత్తం ఐదుగురు రచయితలు. లాస్ అలమాస్‌లో మేనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద చేసిన పని. అణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఏ స్థితిలో కుదురుకుంటాయో లెక్కించడానికి, యాదృచ్ఛికంగా చిన్న చిన్న కదలికలు చేస్తూ వాటిలో కొన్నిటిని ఒప్పుకుంటూ కొన్నిటిని కాదంటూ పోయే పద్ధతి. ఇవాళ గణాంకశాస్త్రంలో మార్కోవ్ చైన్ మాంటీ కార్లో, ఎంసీఎంసీ అని పిలిచేదానికి మూలం ఇదే.

దీని ప్రయాణం చూడండి. చాలాకాలం భౌతిక, రసాయన శాస్త్రాల్లోనే తిరిగింది. 1970లో హేస్టింగ్స్ 'బయోమెట్రికా' అనే గణాంకశాస్త్ర జర్నల్‌లో దాన్ని సాధారణీకరించాడు. అంటే హద్దు దాటింది. మ్యాప్‌లో ఆ ఏడాది ఒక బాణం పడుతుంది. కానీ గణాంకవేత్తల్లో అది అప్పుడే అంటుకోలేదు. 1984లో జేమన్ సోదరులు మసకబారిన చిత్రాలను సరిచేయడానికి దాని బంధువైన గిబ్స్ శాంప్లర్‌ను వాడారు. అది ఇంజినీరింగ్ జర్నల్. 1990లో గెల్ఫాండ్, స్మిత్ దాన్ని మళ్లీ గణాంకశాస్త్రంలోకి తెచ్చి, బేజియన్ లెక్కలన్నిటికీ (ముందున్న అంచనాను కొత్త ఆధారంతో సరిదిద్దుకునే తరహా లెక్కలు) ఇది పనికొస్తుందని చూపించాక గేట్లు తెరుచుకున్నాయి. మూల పేపర్‌కీ దీనికీ మధ్య 37 ఏళ్లు. ఆ తర్వాత పదేళ్లలోనే జన్యుశాస్త్రం, ఎపిడెమియాలజీ, పరిణామ జీవశాస్త్రం. 1989లో కేంబ్రిడ్జ్‌లో మొదలైన బగ్స్ సాఫ్ట్‌వేర్, 2001లో జీవుల వంశవృక్షాలు కట్టడానికి వచ్చిన మిస్టర్‌బేజ్ సాఫ్ట్‌వేర్ దాన్ని లెక్కలు పెద్దగా రానివాళ్ల చేతుల్లో కూడా పెట్టాయి.

ఈ కథలో మ్యాప్ గీసేవాళ్లకు పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. మూల పేపర్ శీర్షిక "వేగవంతమైన కంప్యూటర్లతో ఈక్వేషన్ ఆఫ్ స్టేట్ లెక్కలు" అనే అర్థంలో ఉంటుంది. అందులో మార్కోవ్ అన్న మాట లేదు, బేజ్ అన్న మాట లేదు. కీవర్డ్‌తో వెతికితే ఈ కథ 1980ల చివర్లో మొదలైనట్టు కనిపిస్తుంది, పుట్టిల్లే మాయం. ఇటు చివర, కప్పల జాతుల వంశవృక్షం గీసే జీవశాస్త్రవేత్త 1953 పేపర్‌ను సైట్ చేయడు. మిస్టర్‌బేజ్‌ను సైట్ చేస్తాడు. అంటే భౌతికశాస్త్రం నుంచి జీవశాస్త్రానికి నేరు బాణాలు లెక్కపెడితే దాదాపు ఏమీ కనిపించదు. మధ్యలో గణాంకశాస్త్రం అనే మజిలీ, సాఫ్ట్‌వేర్ అనే ఇంకో మజిలీ ఉన్నాయి.

కాబట్టి ఒక్క అంగలో ఆగకుండా గొలుసు మొత్తం చూడాలి. దీనికి మెయిన్ పాత్ అనాలిసిస్ అనే పద్ధతి ఉంది, హమ్మన్, డోరియన్ 1989లో ప్రతిపాదించారు. సైటేషన్ వలలో పాత కొస నుంచి కొత్త కొసకు వెళ్లే దారులన్నీ లెక్కపెట్టి, ఎక్కువ దారులు ఏ లింకు గుండా పోతున్నాయో చూస్తుంది. నదికి ప్రధాన పాయను వెతకడం లాంటిదన్నమాట. వాళ్లు దాన్ని పరీక్షించింది గార్ఫీల్డ్ బృందం 1964లో డీఎన్ఏ చరిత్ర మీద కూర్చిన చిన్న సైటేషన్ వల మీద. పాజెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది చేసుకోవచ్చు. మధ్యలో రివ్యూ పేపర్లు ఎక్కువ బరువు లాగేస్తాయి, వాటిని ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి.

ఇంకో గమనిక. రంగాల మధ్య ఎక్కువగా ప్రయాణించేవి సిద్ధాంతాలు కావు, పనిముట్లు. చరిత్రలో అత్యధిక సైటేషన్లున్న పేపర్ ప్రొటీన్ ఎంత ఉందో కొలిచే 1951 నాటి లౌరీ పద్ధతి, 3 లక్షలకు పైగా. మీ మ్యాప్‌లో లావుపాటి బాణం కనబడితే, దాని వెనక గొప్ప భావన ఉందనుకునే ముందు అదొక కొలిచే పద్ధతో, సాఫ్ట్‌వేరో అయి ఉంటుందేమో చూడండి. దాన్ని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. పనిముట్టు కూడా జ్ఞానమే. కానీ పనిముట్టు అందుకున్న శాస్త్రం ఆలోచన మారిందని దాన్నిబట్టి చెప్పలేం.

సైటేషన్లు సరిపోతాయా అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. బాణం ఉన్నచోట ఏదో ఒకటి చేరిందని చెప్పడానికి చాలావరకు సరిపోతాయి. బాణం లేనిచోట ఏమీ చేరలేదని చెప్పడానికి సరిపోవు. బాణం లేకపోవడానికి కనీసం మూడు వేర్వేరు కారణాలు ఉంటాయి.

ఒకటి, నిజంగానే చేరలేదు. సీటీ స్కాన్ వెనకున్న గణితం దీనికి మంచి ఉదాహరణ. శరీరం గుండా అన్ని వైపుల నుంచీ తీసిన ఎక్స్‌రే కొలతల నుంచి లోపలి బొమ్మ ఎలా తిరిగి కట్టాలి అన్న సమస్యను అలన్ కార్మాక్ 1963, 64 పేపర్లలో తనంతట తాను పరిష్కరించుకున్నాడు. దానికే 1979లో హౌన్స్‌ఫీల్డ్‌తో కలిసి నోబెల్ వచ్చింది. అదే సమస్యను యోహాన్ రాడన్ 1917లోనే గణితంలో పరిష్కరించేశాడని తనకు పద్నాలుగేళ్ల తర్వాత గానీ తెలియలేదని కార్మాక్ నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. ఇవాళ ఈ రంగంలోని పేపర్లు రాడన్‌ను సైట్ చేస్తాయి. మీ మ్యాప్‌లో 1917 గణితం నుంచి వైద్యానికి అందమైన బాణాలు పడతాయి. కానీ అవి వెనక్కి తిరిగి కట్టిన గౌరవం. ఆ దారిన జ్ఞానం మొదట నడవలేదు. అందుకే ఒక బాణం ఉందా లేదా అన్నది చాలదు, అది పడిన తేదీ కూడా చూడాలి. వాడకం ముందొచ్చి సైటేషన్ తర్వాత వస్తే, అది చేరిన జ్ఞానం కాదు, గుర్తించిన వంశం.

రెండో కారణం, విడివిడిగా మళ్లీ కనుక్కోవడం. ఉన్నవాడికే ఇంకా చేరుతుంది అన్న నియమంతో సంఖ్యలు ఎలా పంపిణీ అవుతాయో యూల్ 1925లో జీవజాతుల మీద, హెర్బర్ట్ సైమన్ 1955లో మాటలు, నగరాలు, ఆదాయాల మీద, డెరెక్ ప్రైస్ 1976లో సైటేషన్ల మీదే రాశారు. 1999లో బారబాసి, ఆల్బర్ట్ నెట్‌వర్క్‌ల మీద అదే తరహా నియమం చెప్పాక భౌతికశాస్త్రంలో పెద్ద అల లేచింది. ప్రైస్ పనితో దానికున్న పోలిక అక్కడ తర్వాత తర్వాత గుర్తింపులోకి వచ్చింది. సైటేషన్ల గురించే రాసిన మనిషి పనికి సైటేషన్ బాణం ఆలస్యంగా పడింది, ఏం చేస్తాం.

మూడోది, మరీ బాగా చేరడం. జ్ఞానం పాఠ్యపుస్తకంలోకి ఎక్కేశాక ఎవరూ సైట్ చేయరు. కాలిక్యులస్ వాడి న్యూటన్‌ను సైట్ చేసేవాళ్లున్నారా? ఇలా కలిసిపోయి కనుమరుగవడాన్ని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ చర్చించాడు. మ్యాప్ మీద ఇది "ప్రభావం తగ్గిపోయింది" అన్నట్టు కనబడుతుంది, జరిగింది దానికి సరిగ్గా వ్యతిరేకం. దీన్ని పట్టుకోవాలంటే సైటేషన్లతో పాటు పేపర్ పూర్తి పాఠంలో ఆ పద్ధతి పేరు ఎన్నిసార్లు వస్తోందో విడిగా లెక్కించాలి. సైటేషన్ గీత పడిపోతూ పేరు గీత పైకి పోతుంటే అది కలిసిపోవడం. రెండూ పడిపోతుంటే అది నిజంగా పాతబడటం. ఈ రెండు గీతల్నీ ఒకే గ్రాఫ్ మీద వేయండి, మీ థీసిస్‌లో అన్నిటికంటే పనికొచ్చే బొమ్మ అదే కావచ్చు.

జ్ఞానం మనుషుల్లో కూడా ప్రయాణిస్తుంది. మాక్స్ డెల్‌బ్రుక్ సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో శిక్షణ పొంది బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల మీదికి మళ్లాడు, 1969లో వైద్య నోబెల్ అందుకున్నాడు. ఫ్రాన్సిస్ క్రిక్ కూడా భౌతికశాస్త్రం నుంచే వచ్చాడు. వాళ్లు తీసుకొచ్చిన ఆలోచనా తీరు ఏ రిఫరెన్స్ జాబితాలోనూ ఉండదు. ఓపెన్ఎలెక్స్‌లో రచయితలకు గుర్తింపు సంఖ్యలు ఉన్నాయి కాబట్టి, ఎవరి మొదటి పదేళ్ల పేపర్లు ఏ రంగంలో, తర్వాతివి ఏ రంగంలో అని తీసి రెండో పొరగా పెట్టొచ్చు. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరుగా కలిపేసే పొరపాట్లు అందులో ఉంటాయి, రంగం మార్చినవాళ్ల జాబితాలో ఇవే ముందు తేలతాయి. జాబితా పైభాగాన్ని చేత్తో చూడక తప్పదు.

వ్యాప్తిని అంటువ్యాధిలా మోడల్ చేయమని ఎవరైనా చెబుతారు. ఆలోచన కొత్తదేం కాదు, గాఫ్‌మన్, న్యూవిల్ 1964లో 'నేచర్'లోనే రాశారు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఎస్ ఆకారపు గీత దాదాపు దేనికైనా సరిపోతుంది. అది సరిపోయిందని చెప్పినంత మాత్రాన ఎలా పాకిందో తెలియదు.

మీ ముప్పై ఏళ్ల డేటా చివరి ఐదారేళ్ల గురించి తీర్పులు చెప్పకండి. కొన్ని పేపర్లు దశాబ్దాలు నిద్రపోయి లేస్తాయి. 2015లో కె, ఫెరారా, రాడిక్కి, ఫ్లమ్మిని 2.2 కోట్ల పేపర్లు జల్లెడ పట్టి ఇలాంటివి వెతికారు. కార్ల్ పియర్సన్ 1901 పేపర్, ఇప్పుడు అందరూ పీసీఏ అని వాడే, చాలా కొలతలను కొన్నిటికి కుదించే పద్ధతికి మూలం, అందులో పైన ఉంటుంది. ఇలా నిద్రలేచిన వాటిలో చాలావాటిని లేపింది వేరే రంగంవాళ్లే అని కూడా చూశారు. మీ విషయానికి నేరుగా సంబంధించిన పేపర్ ఇది.

డేటా విషయంలో ఎక్కువ చెప్పను. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ శుభ్రంగా ఉంటాయి, చందా కావాలి. ఓపెన్ఎలెక్స్ ఉచితం, పాత పేపర్ల రిఫరెన్సులు చాలాచోట్ల ఖాళీ. మీ ముప్పై ఏళ్లలో మొదటి దశాబ్దానికి రిఫరెన్సులు లేని పేపర్లు ఎంత శాతమో ముందు చూసుకోండి. ఆ ఖాళీ శాస్త్రానికో రకంగా ఉంటే మీ "ప్రవాహం" అంతా ఆ ఖాళీల బొమ్మే అవుతుంది. కంప్యూటర్ సైన్స్ సంగతులు కాన్ఫరెన్సుల్లో, చరిత్ర, సమాజశాస్త్రాల సంగతులు పుస్తకాల్లో ఉంటాయి. ఇంగ్లీషు కాని భాషల జర్నళ్లు అన్నింటిలోనూ తక్కువే. గీయడానికి పాయల బొమ్మ, లేదంటే ఐదేళ్లకొకటి చొప్పున శాస్త్రాల గళ్ల పట్టిక వేసి "వచ్చినవి ÷ రావాల్సినవి" విలువకు రంగు వేయండి. జుట్టు చిక్కుపడ్డట్టుండే నెట్‌వర్క్ బొమ్మ మాత్రం వద్దు.

ఇవన్నీ అయ్యాక, ఏ రంగూ వేయకముందు, హద్దు దాటిన సైటేషన్లలోంచి యాదృచ్ఛికంగా ఒక వంద తీసి, సైట్ చేసిన వాక్యం తెరిచి చదవండి. పక్కన మూడు గళ్లు పెట్టుకోండి: పద్ధతిని నిజంగా వాడారు, వాదనకు ఆధారంగా తీసుకున్నారు, మర్యాదకు పేరు చెప్పి వదిలేశారు. మొరావ్‌సిక్, మురుగేశన్ 1975లో భౌతికశాస్త్ర పేపర్ల మీద ఇలాంటి పనే చేస్తే దాదాపు 40 శాతం సైటేషన్లు మొక్కుబడివని తేలింది. మీకు ఎంత వస్తుందన్నది రెండో విషయం. మొక్కుబడి శాతం అన్ని శాస్త్రాల జతల మధ్యా ఒకేలా ఉందా లేదా అన్నది ముఖ్యం. ఒకేలా ఉంటే మీ నిష్పత్తుల్ని పోల్చుకోవచ్చు. ఒక జతలో 20, ఇంకో జతలో 60 వస్తే ఆ రెండు గళ్లనూ ఒకే రంగు స్కేలు మీద పెట్టకండి. వాడిన సైటేషన్లను మాత్రమే ఉంచి పట్టికను మళ్లీ లెక్కేయండి.